చివరి కాజా

ముందు గది, కుట్టు మిషను పక్కన
జనవరి 11

వదినా,

నీ చెవికి ఫోను వినపడదు, నాకు ఫోనులో మాట తెగదు. కాబట్టి ఎప్పట్లాగే కాగితమే మనకి దిక్కు. కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

మన మేస్త్రమ్మ బతికే ఉంది!

మన కుట్టుకొట్టు ఉన్నచోట ఇప్పుడు కళ్ళజోళ్ళ షాపు ఉంది కదా. దాని యజమాని నిన్న వెతుక్కుంటూ వచ్చి ఒక కవరు నా చేతిలో పెట్టాడు. పైన మన పాత కొట్టు చిరునామా. రాసింది మేస్త్రమ్మ మేనకోడలు, ఇంగ్లీషులో. మా అమ్మాయి చదివి చెప్పింది. మేస్త్రమ్మ వాళ్ళ దేశంలోనే ఉందట, ఎనభై ఎనిమిదేళ్ళట. ఇక్కడ ఇరవయ్యేళ్ళు ఉండి నేర్చుకున్న మన భాష, ఆ తరవాత నేర్చుకున్న ఇంగ్లీషు, అన్నీ ఒక్కొక్కటిగా మరిచిపోయి చివరికి పుట్టినప్పటి పోర్చుగీసు ఒక్కటే మిగిలిందట. ఏడాదిగా రోజూ పొద్దున్నే "సూది ఏదీ, నా సూది ఏదీ" అని అడుగుతోందట. ఆ పిల్ల పాపం సూదుల పొట్లం తెచ్చి చేతిలో పెడితే విసిరి కొడుతోందట. మొన్న సొరుగు సర్దుతుంటే మన ఫొటో దొరికింది. కొట్టు మెట్ల మీద ముగ్గురం, నేను ఎండుపుల్లలా, నువ్వు గుండ్రంగా. వెనకాల ఆవిడ చేతిరాత: "అగూల్య, బొతావ్." సూది, బొత్తాం. అత్తయ్య అడిగే సూది ఒక మనిషని ఆ పిల్లకి అప్పుడర్థమైంది.

ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద నువ్వొక్కదానివే మిగిలావనుకున్నాను వదినా. ఆ ముక్క విని మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. కుడుతున్న చొక్కా తడిసి మళ్ళీ ఇస్త్రీ చేయాల్సొచ్చింది.

మేలో వెళ్తున్నాను. టిక్కెట్టు, కాగితాలు మా అమ్మాయి చూసుకుంటుంది. భాష సంగతి నువ్వు చూడాలి. ముప్పయ్యేళ్ళుగా లైబ్రరీలో కూర్చున్న మనిషివి. పంతులు లేకుండా, ఇంట్లో కూర్చుని, నాలుగు నెలల్లో ఓ మాదిరి పోర్చుగీసు వచ్చే పాఠాలు ఏవున్నాయో వెతికి చెప్పు. నా బుర్ర సంగతి నీకు తెలుసు, దానికి తగ్గట్టు చూడు.

నీ
సూది

*

గ్రంథాలయం, పుస్తకాలు తిరిగిచ్చే బల్ల దగ్గర
జనవరి 21

సూదీ,

కూర్చునే చదివాను. లేవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. చందాదారుడొకాయన పుస్తకం పట్టుకుని నిలబడి "అమ్మా, ముద్ర" అని మూడుసార్లన్నాడట.

ఆవిడ మాట నా చెవిలో అలాగే ఉంది, పాడైపోయిన ఈ చెవిలోనే. మాటకి ముందు ష్, వెనక ష్. చేరిన మొదటి వారమంతా మనల్ని నోరు మూసుకోమంటోందనుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం, గుర్తుందా? మన భాషలో ఆవిడకి జరిగిపోయిన సంగతి చెప్పడం ఎప్పుడూ రాలేదు. "నిన్న వాన వస్తుంది, నేను తడుస్తాను, గొడుగు మరిచిపోతాను" అనేది. నువ్వు పడీ పడీ నవ్వేదానివి. ఆవిడ కొలత కర్రతో నీ నెత్తిన ఒక్కటిచ్చి "సూది నవ్వుతుంది, కుట్టు వంకరపోతుంది" అనేది.

ఇంకో తమాషా. మన రోజువారీ మాటల్లో సగం ఆవిడ భాషలోంచే వచ్చాయట. బొత్తాం, ఇస్త్రీ, సబ్బు, తువ్వాలు, అల్మారా, చివరికి మేస్త్రి కూడా. కాబట్టి నీకు సగం వచ్చినట్టే.

మిగతా సగానికి ఈ చిన్న పుస్తకం చాలు, పంపుతున్నాను. ప్రయాణికులకి యాభై వాక్యాలు, పలికే తీరుతో సహా. ఎక్కువ బరువు నెత్తికెత్తుకోకు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి పక్కన చెయ్యి పట్టుకుని కూర్చోవడానికి వ్యాకరణం దేనికి చెప్పు?

వదిన

*

ముందు గది
ఫిబ్రవరి 3

వదినా,

యాభై వాక్యాలూ చదివాను. వాటితో నేను ఆ దేశంలో గది అద్దెకి తీసుకోగలను, కాఫీలో చక్కెర వద్దనగలను, డాక్టరుకి కడుపునొప్పి చెప్పుకోగలను. మేస్త్రమ్మకి చెప్పాల్సింది మాత్రం ఒక్కటీ లేదు. మొత్తం పుస్తకంలో జరిగిపోయిన సంగతి ఒకే ఒక్కటుంది: "నా పెట్టె పోయింది." అదొక్కటి పెట్టుకుని నేనేం చేయను?

మా అమ్మాయి ఫోనులో ఒక ఆట లాంటిది వేసిచ్చింది. రోజూ గంట కొట్టి పిలుస్తుంది. సరిగ్గా చెబితే పువ్వులు కురుస్తాయి, ఒక్కరోజు మానేస్తే మొహం మాడ్చుకుంటుంది. నాలుగు రోజుల్లో నాకొచ్చింది ఏంటంటే, పిల్లి పాలు తాగుతుంది, ఆవు గడ్డి తింటుంది. పైగా ఆ గొంతులో ష్ లేదు వదినా! అన్నిటికీ స్, స్ అంటోంది. మా అమ్మాయి కనుక్కుంది. ఆ భాష సముద్రానికి రెండు ఒడ్లలోనూ మాట్లాడతారట, ఈ ఆటలోది అవతలి ఒడ్డుదట. మన మేస్త్రమ్మది ఈ ఒడ్డు. ముసలావిడ చివరికి సూది వచ్చిందని సంబరపడితే, ఆ సూది పరాయి ఒడ్డు యాసలో మాట్లాడితే ఏం బావుంటుంది? తీసేయించాను.

నాకు కావాల్సింది రెండే. ష్ అనే గొంతు. జరిగిపోయిన సంగతి చెప్పడం త్వరగా నేర్పే పాఠాలు. భూతకాలం ఎన్నో పాఠంలో వస్తుందో ముందు చూసి, తరవాతే ఏదైనా పంపు.

ఇంకొక పని. ఆ చొక్కా నా దగ్గర ఇంకా ఉంది. అదే, మేస్త్రమ్మ కొట్టు మూసేసిన రోజు నీ చేత నాకు పంపించిన చొక్కా. ఆ కొట్టులో నేను కుట్టిన ఆఖరి చొక్కా. దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ కూడా ఉంది, ఆవిడ చేత్తో, ఆవిడ భాషలో ఒకే వాక్యం. అందులో మూడు మాటలు మన కొట్టులోవే, ఎవరూ చెప్పక్కర్లేదు. ఊల్తిమ అంటే చివరిది, రోజూ ఆఖరి చొక్కాకి అనేది. కాజా అంటే కాజాయే, గుండీ దూరే కన్నం. అబెర్తా అంటే తెరిచి ఉందని, పొద్దున్నే కొట్టు తలుపు తీసి అనేది. "చివరి కాజా తెరిచి ఉంది." అంటే అంచు సరిగ్గా కుట్టకుండా వదిలేశానని ఆవిడ తిప్పి పంపింది. ఎంత చూసినా నాకు తప్పు కనపడలేదు వదినా. అయినా ఇన్నేళ్ళలో ఏడుసార్లు విప్పి కుట్టాను. ఫ్యాక్టరీ తనిఖీ బల్ల దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళు వేలకి వేల కాజాలు వేలు పెట్టి చూశాను, ప్రతిదాని దగ్గరా ఆవిడ చీటీయే గుర్తొచ్చేది.

ఆ వాక్యం వేరే ముక్క మీద దించి ఇందులో పెట్టాను. నీ లైబ్రరీలో పెద్ద నిఘంటువు ఉంటుంది కదా, ఆ నాలుగో మాట తిట్టో మామూలు మాటో చూసి చెప్పు.

సూది

*

గ్రంథాలయం
ఫిబ్రవరి 15

సూదీ,

నిఘంటువు బైండింగుకి వెళ్ళింది. వచ్చాక చూస్తాను. చిన్న మాటే అయి ఉంటుంది, దాని గురించి మనసు పాడుచేసుకోకు.

ఈసారి పెన్ డ్రైవ్ పంపుతున్నాను. ముప్పై పాఠాలు, ఒక్కోటి అరగంట. పుస్తకం ఉండదు, రాసుకోవడం ఉండదు. వాళ్ళొక మాటంటారు, కాసేపు ఆగుతారు, నువ్వనాలి. కుట్టుకుంటూ వినచ్చు. ఈ ఒడ్డు గొంతే, ఒకరిచేత వినిపించి మరీ కనుక్కున్నాను. భూతకాలం సంగతి మాత్రం అట్ట మీద రాయలేదు.

అయినా నీకు ఆ భూతకాలం పిచ్చేమిటి? విహారానికి వెళ్ళేవాళ్ళెవరూ "ఇది చేశాను, అది చేశాను" అనరు. ఇది కావాలి, అది కావాలి అంటారు.

వదిన

*

ముందు గది
మార్చి 2

వదినా,

నీ వినే పాఠాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. మిషను చప్పుడులో వినపడవని చేతికుట్టు పనులన్నీ ముందేసుకున్నాను. ఆ గొంతు "మీకు అర్థమైందా?" అంటుంది, నేను "కొంచెం" అంటాను. ప్యాంటు అంచు కుట్టించుకోడానికి వచ్చినాయన నేను ఆయన్నే అంటున్నాననుకుని "ఏమ్మా, నేనింకా ఏం చెప్పలేదు కదా" అన్నాడు. నాలుగు పాఠాలయ్యాయి, ఒక్కోటి మూడేసి రోజులు వింటే గాని నోరు తిరగదు. పలకరిస్తున్నాను, దారి అడుగుతున్నాను. ముందుకి దూకి వెతికాను, భూతకాలం ఇరవై ఆరో పాఠం. అప్పటికి నేను విమానంలో ఉంటాను.

ఎందుకా పిచ్చి అని అడిగావు. చెప్పేస్తున్నాను. మా ఆయన పోయేదాకా ఆయనకీ చెప్పలేదు.

మేస్త్రమ్మ దగ్గర పని మానేసి రెడీమేడ్ ఫ్యాక్టరీలో చేరాను కదా. చేరేముందు వారం, ఆవిడ భోజనానికి లేచినప్పుడు, గోడకి తగిలించిన కాలరు అట్ట దింపి న్యూస్ పేపరు మీద పెట్టి పెన్సిలుతో గీసుకున్నాను. ఊరంతా ఆ కాలరు కోసమే ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు, మెడకి ఒరుసుకోదని, ఎన్నిసార్లు ఉతికినా వంగదని. ఆ కాగితం ఫ్యాక్టరీ వాళ్ళకిచ్చాను. అందుకే నన్ను నేరుగా కాలర్ల బల్ల మీద కూర్చోబెట్టారు. ఎనిమిది నెలలు తిరక్కుండా అదే కాలరు ప్రతి దుకాణంలో వేలాడింది. మేస్త్రమ్మ కొట్టుకి మనుషులు రావడం మానేశారు. మూసేసి వెళ్ళిపోయింది. ఆ రోజు ఎదురుగా వెళ్ళి నిలబడే మొహం లేక నేను జ్వరమని పడుకున్నాను. నువ్వే వెళ్ళావు.

ఆ చీటీలో ఆవిడ కాజా గురించి రాసిందే గాని కాలరు గురించి రాయలేదు. అదే నన్ను ఇన్నేళ్ళూ తినేసింది. ఆవిడకి తెలియనేలేదా, తెలిసి వదిలేసిందా? ఆవిడకి ఇప్పుడు ఒక్క భాషే ఉంది, ఎన్నాళ్ళుంటుందో తెలీదు. ఆ భాషలో, ఆవిడ బతికుండగా, "అది చేసింది నేనే" అని నా నోటితో చెప్పాలి. "చేస్తాను" అంటే కుదరదు కదా వదినా. చేశాను అనాలి.

నిఘంటువు వచ్చిందా?

సూది

*

గ్రంథాలయం
మార్చి 13

సూదీ,

ఆ న్యూస్ పేపరు నేను చూశాను. నీ పరుపు కింద, మడత పెట్టి ఉంది. గీత చూడగానే ఏ కాలరో తెలిసింది. నువ్వు చెప్పుకునేదాకా అడక్కూడదనుకున్నాను. ఇంతకాలం పడుతుందనుకోలేదు.

పాత పుస్తకాల గదిలో అడుగున ఒక లావుపాటి పుస్తకం దొరికింది. సొంతంగా నేర్చుకునేవాళ్ళ కోసం రాసింది, వెంట నాలుగు సీడీలు. ముప్పయ్యేళ్ళ కిందటిది. బొమ్మల్లో మనుషులు చుట్టలు తిరిగిన తీగ ఫోన్లలో మాట్లాడుతుంటారు. అయితేనేం, భూతకాలం పన్నెండో పాఠం. రోజుకి గంట కూర్చుంటే ఏప్రిల్‌కి చేరతావు. వరసగా వెళ్ళకు, నేరుగా పన్నెండు తీసినా నష్టం లేదు.

నిఘంటువు ఇంకా రాలేదు.

వదిన

*

ముందు గది
మార్చి 30

వదినా,

ఇదే! ఇదే నాకు కావాల్సిన పుస్తకం. మొదటి సీడీ పెట్టగానే ఆ గొంతు విని చేతిలో కత్తెర కింద పెట్టేశాను. మేస్త్రమ్మ నలభై ఏళ్ళప్పటి గొంతే, అదే ష్, మాట చివర మింగేయడం కూడా అదే. ఆవిడే వచ్చి పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నట్టుంది. ఈ మూడు నెలల్లో చూసిన వాటన్నిటిలోకీ పాతదీ బరువైనదీ ఇదే, నాకు పనికొచ్చిందీ ఇదే.

పన్నెండుకి దూకమన్నావు గాని, మేస్త్రమ్మ మనచేత మూణ్ణెల్లు గుండీలు కుట్టించందే కాలరు ముట్టుకోనిచ్చిందా? వరసగానే వెళ్తున్నాను. నాలుగో పాఠంలో ఒక తప్పు దొరికింది, నీ లైబ్రరీవాళ్ళకి చెప్పు. ఒక ఇంటి బొమ్మ వేసి, పెంకులు, కిటికీ, తలుపు అన్నీ పెట్టి, కింద పెద్దక్షరాలతో "కాజా" అని వేశారు. ఇంత పెద్ద పుస్తకం రాసినవాళ్ళకి కాజాకీ ఇంటికీ తేడా తెలీదా అని నవ్వుకున్నాను.

వదినా, పైన రాసింది పొద్దున. ఇది సాయంత్రం రాస్తున్నాను. తప్పు కాదు. పేజీ తిప్పితే అదే మాట పది చోట్ల ఉంది. నా కాజా, మీ కాజా, కాజాలో ఎవరున్నారు. వాళ్ళ భాషలో కాజా అంటే ఇల్లు. గుండీ వచ్చి దూరే ఇల్లు కాబట్టి దాన్నీ అలాగే అంటారట. అది అడుగున చిన్నక్షరాల్లో ఉంది. ఆ నాలుగో మాట తిట్టూ కాదు, ఏమీ కాదు. ఉంది అని, అంతే.

"చివరి ఇల్లు తెరిచి ఉంది."

మేనకోడలు పంపిన చిరునామా తీసి, మా అమ్మాయి చేత ఫోనులో ఆ వీధి పటం చూపించుకున్నాను. ఆ వీధిలో ఆఖరి నంబరు ఆవిడదే.

నువ్వు రాసిన మాటల వరసలో బొత్తాం ఉంది, ఇస్త్రీ ఉంది, తువ్వాలు ఉంది. కాజా లేదు. మనం రోజంతా అన్న మాట అదొక్కటే, అదే లేదు. నిఘంటువు నెలన్నరగా బైండింగులో ఉంది. ఆ చొక్కా ఆవిడ ఇచ్చింది నీ చేతికి.

వదినా, ఆ రోజు ఆవిడ నీతో ఏమంది?

సూది

*

ఇంట్లో, వంటగది బల్ల మీద
ఏప్రిల్ 12

సూదీ,

నిఘంటువు బైండింగుకి వెళ్ళలేదు. నా బల్ల సొరుగులో ఉంది.

ఆ రోజు కొట్టులో ఏమీ మిగల్లేదు. రెండు పెట్టెలు, ఆ చొక్కా. ఆవిడకి మన మాటలు వచ్చు గాని మన అక్షరాలు రావు కదా, అందుకే తన భాషలో రాసింది. రాసి నాకు చదివి వినిపించి అర్థం కూడా చెప్పింది. "మా వీధిలో చివరి ఇల్లు నాది. తలుపు తీసి ఉంటుంది. సూదికి నువ్వు చదివి చెప్తావు. సూది వస్తుంది, నాతో పని చేస్తుంది. ఈ చొక్కాలో తప్పు లేదు, ఎక్కడ చూపించినా పని ఇస్తారు." ఆవిడ పద్ధతిలోనే, అన్నీ జరగబోయేవే. నీ జ్వరం సంగతి అడిగి నవ్వింది కూడా.

నేను చొక్కా నీ మంచం మీద పెట్టి "మేస్త్రమ్మ ఇచ్చింది" అన్నాను. నువ్వు చీటీ చూసి మొహం తిప్పుకున్నావు. అర్థం నీకు నువ్వే చెప్పుకున్నావు. నేను కాదనలేదు. అంతే నేను చేసింది. కాదనకపోవడం.

ఎందుకో చెప్తాను, క్షమించమని కాదు. మా అమ్మ పోయాక తొమ్మిదేళ్ళప్పుడు మీ ఇంటికొచ్చాను. మా మేనత్త, మీ అమ్మ, నన్ను ఒక్కనాడూ వేరుగా చూడలేదు. అయినా నాకు తెలుసు. నువ్వు పక్కనుంటేనే నేను ఆ ఇంట్లో కూతుర్ని. నువ్వు వెళ్ళిపోతే మేనకోడల్ని. ఆ చొక్కా పట్టుకుని వీధిలో నడుస్తూ అదొక్కటే ఆలోచించాను. తీరా చూస్తే ఏడాది తిరక్కుండా నేనే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాను. అప్పుడైనా చెప్పచ్చు. అప్పటికి నువ్వు రెండుసార్లు ఆ కాజా విప్పి కుట్టావు. ఇంక నోరు రాలేదు.

నువ్వు ఈ భాష నేర్చుకుంటానని రాసిన రోజు నుంచీ నాకు అన్నం సహించడం లేదు. చిన్న పుస్తకం పంపింది అందుకే. వినే పాఠాలు పంపింది అందుకే, కాజా అన్న మాట వాటిలో నీ కంట పడదని. లావు పుస్తకం పంపినప్పుడు మాత్రం అందులో నాలుగో పాఠం చూసే పంపాను. పన్నెండుకి దూకమని రాసిన చేతితోనే, దూకకుండా ఉంటే బావుండునని అనుకున్నాను.

ఆవిడ నిన్ను ముప్పై ఆరేళ్ళు ఎదురు చూసింది. చూసేలా చేసింది నేను.

నీ వదిన

*

గ్రంథాలయం
ఏప్రిల్ 30

సూదీ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. రాదనీ తెలుసు. నిఘంటువు పంపుతున్నాను. లైబ్రరీ నుంచి బయటికి పోకూడని పుస్తకం, నా పూచీ మీద తీశాను. బరువు, పెట్టెలో అడుగున పెట్టుకో. మోకాలికి మందు మర్చిపోకు.

పన్నెండో పాఠం అయిందో లేదో, ఆ ఒక్క ముక్క రాయి చాలు.

వదిన

*

చివరి ఇల్లు, కిటికీ దగ్గర
మే 19

వదినా,

నీ ఉత్తరం చదివాక పదిహేను రోజులు నీతో మాట్లాడలేదు, మనసులో కూడా. ఊరికే అలా పని చేసుకుంటున్నప్పుడు "వదినా, ఇది విను" అని లోపల్లోపల చెప్పుకుంటూ ఉంటాను కదా, అది కూడా మానేశాను. ఆ పదిహేను రోజులూ మాట్లాడ్డానికి సీడీలో గొంతొక్కటే దిక్కయింది. పన్నెండో పాఠం అయింది. "ఫుయ్ ఎవ్". చేసింది నేను. ఎంత చిన్న మాటో చూడు, ఉఫ్ అని ఊదితే పోయేంత. ఆ పట్టికలో కింద ఇంకో వరస ఉంది, ఇద్దరో ముగ్గురో కలిసి చేసినప్పటిది. నాకెందుకులే అని మొదట వదిలేశాను. నీ ఉత్తరం వచ్చిన ఇరవయ్యో రోజున కూర్చుని ఆ వరస కూడా కంఠతా పట్టాను. కోపం పూర్తిగా పోయిందని కాదు. కొంచెం ఉంది, వచ్చాక చెప్తాను.

నిన్న వచ్చాను. మేనకోడలు బస్సు దగ్గరికి వచ్చింది. వీధి చివరిదాకా నడిచాం. తలుపు నిజంగానే తీసి ఉంది వదినా. మూస్తే ముసలావిడ ఊరుకోదట, చలికాలంలో కూడా జానెడు సందు ఉండాల్సిందేనట.

కిటికీ పక్క కుర్చీలో ఉంది. చిన్నదైపోయింది. నన్ను చూసి ఎవరో వచ్చారని తల ఊపి వీధి వైపు తిరిగింది. నేర్చుకున్న పలకరింపులన్నీ చెప్పాను. మర్యాదగా జవాబిచ్చింది, పోల్చుకోలేదు. ఇంకేం చేయాలో తోచక సంచీలోంచి ఆ చొక్కా తీసి ఆవిడ ఒళ్ళో పరిచాను.

కళ్ళు పెట్టి చూడలేదు. వేలితో చూసింది. కాలరు నుంచి మొదలుపెట్టి గుండీల పట్టీ వెంబడి ఒక్కో కాజా తడుముకుంటూ కిందికి వచ్చింది. చివరిదాని దగ్గర వేలు ఆగింది. ఏడుసార్లు విప్పి కుట్టి గుడ్డంతా పీచులేసిపోయిన కాజా అది. మొహం చిట్లించి, మనకి బాగా తెలిసిన ఆ గొంతుతో అడిగింది, "కేఁ ఫేజ్ ఇష్తు?" ఎవరు చేశారిది?

నాలుగు నెలలు దాచుకున్న మాట అక్కడ ఖర్చయిపోయింది. "ఫుయ్ ఎవ్" అన్నాను.

అప్పుడు తలెత్తి నా మొహం చూసింది. "అగూల్య" అంది. మెల్లగా, ఏదో మామూలు సంగతిలాగ. పొద్దున పనికి ఆలస్యంగా వచ్చినప్పుడు అన్నట్టే.

ఏడుపు ఆగాక కాలరు సంగతి కూడా చెప్పాను. పేపరు, పెన్సిలు, ఫ్యాక్టరీ, ఎన్ని తప్పులతో చెప్పానో. విని చెయ్యి విదిలించి, ఏదో గబగబా చెప్పి, భుజాలు ఊగేలా నవ్వింది. మేనకోడలు నాకు తెలిసిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, చేతులతో చూపిస్తూ చెప్పింది. ఆ కాలరు తనూ చిన్నప్పుడు వాళ్ళ మేస్త్రి గోడ మీంచి దొంగతనంగా గీసుకున్నదేనట! వీధిలో జనం మెడల మీద చూసిన మొదటి రోజే నేనని తెలిసిందట. కొట్టు మూసింది దానికి కాదట. వాళ్ళ అమ్మకి జబ్బు చేసి పిలిపించారట. ముప్పై ఆరేళ్ళుగా నేను మోసిన మూట అలా రెండు ముక్కల్లో దింపేసింది. నాకు సంతోషించాలో, ఆవిణ్ణి గట్టిగా పట్టుకుని ఊపాలో తెలియలేదు.

తరవాత నవ్వు ఆపి, వేలు నా వైపు చూపించి అడిగింది, ఇంత ఆలస్యం చేసింది ఎవరని.

వదినా, నేనే అంటే అబద్ధం. నువ్వంటే, అది అనడానికి నేను ఇంత దూరం రాలేదు. ఆ కింది వరస గుర్తొచ్చింది. "ఫోముష్ నోష్" అన్నాను. మేము చేశాం, నేనూ బొత్తామూ అని నా ఉద్దేశం. ఆవిడ నా గుండె మీద వేలు పెట్టి, తన గుండె మీద పెట్టుకుని, "నోష్" అని తల ఊపింది. ఎదురుగా వచ్చి చెప్పాల్సిన మాట తనూ చీటీ మీద రాసి పంపాను కదా అని గొణిగిందట. మనకి మేము వేరు, మనం వేరు. వాళ్ళకి రెండిటికీ ఒకటే మాట వదినా. నేను మేము అన్నాను, ఆవిడకి మనం అని వినపడింది. సరిచేద్దామని నోరు తెరిచి, మానేశాను. సరిచేయడానికి ఏముంది అందులో?

పొద్దున్న నుంచీ ఆ కాజా విప్పుతున్నాను, ఎనిమిదోసారి. ఈసారి కింద కొత్త గుడ్డ ముక్క వేసి కుట్టమంది. పక్కనే కూర్చుని నేను తొందరపడ్డప్పుడల్లా ష్ ష్ అంటోంది. ఈ ష్ మాత్రం నిజంగా నోరు మూసుకోమనే.

ఇందాక ఫొటో తీసి నీ మొహం మీద వేలు పెట్టి, బొతావ్ ఏదీ అని అడిగింది. జరగబోయేది చెప్పడం పద్దెనిమిదో పాఠంలో ఉంది, అక్కడిదాకా నేను వెళ్ళలేదు. మేస్త్రమ్మ పద్ధతిలోనే చెప్పేశాను.

బొత్తాం వస్తుంది అన్నాను.

నీ
సూది